ఎంటీబీ (మౌంటెన్ బైక్) మీద వైజాగ్–అరకు–లంబసింగి నాలుగు రోజుల గ్రూప్ రైడ్: గ్రూప్‌తో పాటు లాగగలనా?

మధురవాడ_పెడల్:

అందరికీ నమస్తే. మా ఆఫీసోళ్లూ వాళ్ల ఫ్రెండ్సూ కలిసి జనవరిలో నాలుగు రోజుల సైకిల్ టూర్ పెట్టుకున్నాం. మొదటి రోజు బీచ్ రోడ్డు నుంచి బయల్దేరి పెందుర్తి, కొత్తవలస, ఎస్.కోట మీదుగా అరకు. రెండో రోజు అరకు నుంచి పాడేరు, మూడో రోజు పాడేరు నుంచి లంబసింగి, నాలుగో రోజు ఘాట్ దిగి నర్సీపట్నం, తాళ్లపాలెం, అనకాపల్లి మీదుగా ఇంటికి. మొత్తం మూడొందల కిలోమీటర్ల పైమాటే. బ్యాగులకి వెనక ఒక బొలెరో వస్తుంది.

ఇక్కడ విషయం ఏంటంటే అందరివీ సన్నటి టైర్ల రోడ్ బైకులో, రోడ్ బైక్‌కీ ఎంటీబీకీ మధ్యరకం హైబ్రిడ్‌లో, నాదొక్కటే ఎంటీబీ. 29 అంగుళాల చక్రాలు, 2.1 అంగుళాల వెడల్పు ముళ్ల టైర్లు, ముందు సస్పెన్షన్, కేబుల్ డిస్క్ బ్రేకులు, ముందు మూడు వెనక ఏడు గేర్లు (పళ్లు ముందు 42-34-24, వెనక 14 నుంచి 28), బరువు పదిహేను కిలోల దాకా ఉంటది. ఆదివారాలు భీమిలి వైపు కలిసి వెళ్లినప్పుడు వాళ్లు గంటకి పాతిక కిలోమీటర్లలో హాయిగా మాట్లాడుకుంటూ పోతుంటే నేను అదే స్పీడుకి నోరు తెరిచి ఊపిరి పీల్చాల్సి వస్తోంది. హైబ్రిడ్ అద్దెకి తీసుకో, లేకపోతే ఒకటి కొనుక్కో అంటున్నారు. కొత్తది కొనే ఉద్దేశం నాకు లేదు, ఈ బండి అంటే ఇష్టం, దీని మీదే ఆ కొండలెక్కాలని ఉంది. మరి టైర్లు మార్చాలా, ఇంకేం మార్చాలి, ప్రాక్టీసు ఎలా చెయ్యాలి, మన దగ్గర ఎంటీబీ మీద ఇలాంటి టూర్లు చేసినోళ్లు చెప్పండి.

గేర్లబండి:

బ్రదర్, ముందు ఒక మాట, ఈ రూట్‌కి మీ బండి చాలా మంచి బండి. మీకు కష్టమయ్యేది చదును రోడ్డు మీదే, అంటే మొదటి రోజు ఎస్.కోట దాకా, మళ్లీ చివరి రోజు నర్సీపట్నం దిగాక. మధ్యలో కొండల్లో మీ దగ్గరున్న గేర్లు చూసి మిగతావాళ్లు అసూయపడతారు.

లెక్క చూడండి. ముందు 24 వెనక 28 వేస్తే పెడల్ ఒక్క చుట్టుకి మీ బండి దాదాపు రెండు మీటర్లు కదుల్తుంది. రోడ్ బైక్ మీద చాలామందికి ఉండే చిన్న గేరు 34-28, అది ఒక్క చుట్టుకి రెండున్నర మీటర్లు. కాళ్లు నిమిషానికి 60 చుట్లు తిప్పుతున్నాయనుకుంటే మీరు గంటకి 7 కిలోమీటర్ల స్పీడులో ప్రశాంతంగా ఎక్కొచ్చు, అదే తిప్పుడు నిలవాలంటే రోడ్ బైక్ అతను 9 దాటి వెళ్లాల్సిందే, ఓపిక లేకపోతే గేరు చాలక మోకాళ్ల మీద భారం వేసి తొక్కుతాడు. గంటల తరబడి ఎక్కే ఘాట్‌లో అది చిన్న తేడా కాదు.

చదును మీద మిమ్మల్ని ఆపేది గేర్లు కాదు, 42-14లో నిమిషానికి 80 తిప్పితే గంటకి 33 కిలోమీటర్లు వస్తుంది, అది చాలు. ఆపేవి రెండే, టైర్లూ గాలీ. ముళ్ల టైరు తారు మీద ప్రతి ముల్లు దగ్గరా వంగి లేస్తుంది, మీ కాళ్ల బలం అక్కడే పోతుంది, ఆ గుయ్‌మనే చప్పుడు అదే. 1.5 నుంచి 1.75 లోపు నున్నటి టైర్లు వేయించి, టైరు పక్కన రాసి ఉన్న లిమిట్ దాటకుండా కాస్త గట్టిగా గాలి పెట్టండి. కొనేముందు మీ రిమ్ వెడల్పుకి ఆ సైజు సరిపోతుందో లేదో షాపులో అడగండి, ట్యూబులు కూడా ఆ సైజువే తీసుకోండి, పాత 2.1 ట్యూబు సన్నటి టైర్లో మడత పడి పంచరవుతుంది. ముందు ఫోర్క్‌కి లాకౌట్ (సస్పెన్షన్ ఊగకుండా బిగించే మీట) ఉంటే తారు మీద ఎప్పుడూ లాక్‌లోనే ఉంచండి, ముఖ్యంగా ఎక్కేటప్పుడు.

గాలి సంగతి గ్రూపే చూసుకుంటుంది. ముందున్న బండి వెనక చక్రానికి మీటరు దూరంలో ఉంటే మీకు పడే గాలి బాగా తగ్గుతుంది, అక్కడే ఉండండి, మొహమాటపడి ముందుకెళ్లి లాగక్కర్లేదు. ఒకటి మాత్రం ఖచ్చితంగా: మీ ముందు చక్రం పక్కవాడి వెనక చక్రాన్ని దాటి పక్కపక్కన ఉండకూడదు, వాడు గొయ్యి తప్పించడానికి కొంచెం జరిగాడంటే పడేది మీరే. గొయ్యొస్తే చేత్తో చూపించడం, ఆగేముందు గట్టిగా అరవడం ఇవన్నీ మొదటి రోజు బయల్దేరకముందే గ్రూప్ మొత్తం అనుకోండి.

ఎస్‌కోట_కుర్రోడు:

అన్నా, మా ఊరి మీంచే కదా ఎల్లేది. ఘాట్ గురించి నాను చెప్తాను ఇనండి. బొడ్డవర దాటినాక అసలు కత మొదలవుద్ది. కాశీపట్నం, టైడా, డముకు, అనంతగిరి, అలా ఎక్కుతూనే ఉంటారు. అరకు ఎత్తు సుమారు 900 మీటర్లని సూసి అంతే ఎక్కాలనుకుంటారు అందరూ, రోడ్డు మాత్రం వెయ్యి మీటర్లు దాటి గాలికొండ దాకా పైకెళ్లి, సుంకరమెట్ట వైపు కిందకి దిగి, అప్పుడు అరకు. డముకు దగ్గర అయిపోయిందిలే అని కాళ్లు వదిలేస్తే అనంతగిరి ఎక్కడం నరకమే, కొంచెం దాచుకోండి.

వైజాగ్‌లో నాలుగున్నరకల్లా బయల్దేరండి, ఎస్.కోటలో ఇడ్లీ తినేసి ఎండ ముదరకముందే ఘాట్‌లో పడిపోవాలి. నీళ్లు ఎస్.కోటలోనే ఫుల్లు చేసుకోండి, పైన కొట్లు ఉంటాయి గానీ మీకు దాహమేసిన కాడే ఉండవు. అరటిపళ్లు హ్యాండిల్‌కి కవర్లో వేలాడదీయకండి, కోతులు సూశాయంటే వదలవు. ఎక్కడైనా చోడి (రాగి) అంబలి దొరికితే తాగీయండి, దాని ముందు ఏ ఎనర్జీ డ్రింకూ పనికిరాదు. బొంగులో చికెన్ మాత్రం సాయంత్రానికి ఉంచుకోండి, అది తిని ఘాట్ ఎక్కలేరు.

ఇంకోటి, డేట్లు సూసుకోండి. సంక్రాంతి మూడు రోజులు పల్లెల్లో కొట్లు చాలావరకు మూసేస్తారు. శని ఆదివారాలైతే టూరిస్టు కార్లు తెగ వస్తాయి, మలుపుల్లో కూడా ఓవర్‌టేక్ చేసేస్తారు. మీ ప్లాన్లో అరకు ఎక్కే రోజు సోమవారమో మంగళవారమో పెట్టుకోండి, రోడ్డు ఖాళీగా ఉంటాది.

మన్యం_తోవ:

గేర్లబండి గారు చెప్పినదాంట్లో టైర్ల దగ్గర నాకు వేరే అభిప్రాయం ఉంది. అరకు దాకా అయితే 1.5 నున్నటి టైరు సూపర్. కానీ అరకు నుంచి పాడేరు, లంబసింగి వెళ్లే దారి ఎన్‌హెచ్ 516ఈ కిందకి వస్తుంది, రాజమండ్రి నుంచి రంపచోడవరం, చింతపల్లి, పాడేరు, అరకు మీదుగా విజయనగరం దాకా ఆ హైవే. వెడల్పు పనులు జరిగే చోట కంకర పరిచి వదిలేస్తారు, దాని మీద సన్నటి నున్నటి టైరు వేసుకుని దిగుడులో బ్రేక్ పట్టుకుంటే వెనక చక్రం పక్కకి జారిపోతుంది. అందుకని 1.75 కంటే తగ్గొద్దు, మధ్యలో నున్నగా, పక్కల చిన్న ముళ్లు ఉండే సెమీ స్లిక్ రకం తీసుకోండి. తారు మీద స్పీడులో కాస్త పోగొట్టుకుంటారు, కంకర మీద రోడ్ బైకోళ్లు దిగి నడిపించుకుంటుంటే మీరు తొక్కుకుంటూ వెళ్తారు. బయల్దేరే వారం ముందు ఆ రూట్లో తిరిగే బస్సు డ్రైవర్లని ఎవర్నైనా అడగండి, ఎక్కడ పని నడుస్తోందో వాళ్లకంటే బాగా ఎవరికీ తెలీదు.

దిగుడు గురించి ఎవరూ చెప్పలేదు, నాకైతే ఈ టూర్లో అసలు జాగ్రత్త అక్కడే. లంబసింగి నుంచి నర్సీపట్నం వైపు దిగేటప్పుడు బ్రేకు నొక్కిపెట్టి అలాగే ఉంచకండి. నొక్కాలి, స్పీడు తగ్గించాలి, వదిలేయాలి, మలుపులోకి వెళ్లకముందే పని అయిపోవాలి. కేబుల్ డిస్కులో ప్యాడ్ అరిగేకొద్దీ లివర్ హ్యాండిల్‌కి దగ్గరవుతూ వస్తుంది, దానంతట అది సర్దుకోదు. ప్యాడ్లు ఉండే క్యాలిపర్ లోపలి వైపు ఉండే చిన్న నాబ్‌ని ఒక్కో క్లిక్కు బిగిస్తే ప్యాడ్ డిస్కుకి దగ్గరవుతుంది, ఆ పని లంబసింగిలో ముందు రోజు రాత్రే చేసేయండి. ప్యాడ్లు సన్నబడి ఉంటే వైజాగ్‌లోనే మార్పించండి, అక్కడ దొరకవు. పొద్దున్నే అక్కడ జనవరిలో మంచు దట్టంగా ఉంటుంది, పది అడుగుల ముందు ఏముందో కనపడదు, వేళ్లు కొంకర్లుపోయి బ్రేకు సరిగ్గా పట్టలేరు. ఎండ పడ్డాకే దిగండి, ఫుల్ గ్లవ్స్, వెనక ఎర్ర లైటు తప్పనిసరి.

ఉప్పుగాలి:

మీరు స్పీడు గురించే దిగులు పడుతున్నారు గానీ నాలుగు రోజుల టూర్లో మనిషిని ఇంటికి పంపేది స్పీడు కాదండీ, సీటు. రెండో రోజు పొద్దున సీటు మీద కూర్చోగానే తెలిసిపోతుంది టూర్ ఎలా ఉండబోతోందో. ప్యాడ్ ఉన్న షార్ట్స్ రెండు జతలైనా కొనండి, లోపల ఇంకేమీ వేసుకోకూడదు, కుట్లు ఒరుసుకుని పుండ్లు పడతాయి. పొద్దున కొంచెం కొబ్బరినూనె గానీ వాజెలిన్ గానీ రాసుకోండి, సాయంత్రం దిగగానే స్నానం, షార్ట్స్ సబ్బుతో ఉతికి ఆరేయడం. చలికి ఆరవు, అందుకే రెండు జతలు. మెత్తగా ఉంటుందని జెల్ కవర్ మాత్రం వేయకండి, అది దూరం వెళ్లేకొద్దీ ఇంకా ఒరుసుకుంటుంది. సీటు ఎత్తు ఎలా చూడాలంటే, గోడ పట్టుకుని కూర్చుని మడమ పెడల్ మీద పెడితే కిందికి వచ్చినప్పుడు కాలు పూర్తిగా చాపుకోవాలి. ఎంటీబీలు నడిపేవాళ్లు నేల అందాలని సీటు కిందకి పెట్టేసుకుంటారు, మోకాళ్ల నొప్పులు చాలావరకు అక్కణ్ణుంచే వస్తాయి. నాకు మోకాలి నొప్పి తగ్గింది సీటు పైకి జరిపాకే.

ప్రాక్టీసుకి నేను చెప్పేది, ఒక్కరోజు పెద్ద దూరం తొక్కేసి వారమంతా పడుకోవడం కంటే వరసగా రెండు రోజులు తొక్కడం మేలు. శనివారం భీమిలి వెళ్లి వచ్చి, ఆదివారం ఆ బరువు కాళ్లతోనే అడివివరం నుంచి సింహాచలం ఘాట్ ఎక్కండి, ఓపికుంటే దిగి మళ్లీ ఎక్కండి. కైలాసగిరి కూడా మంచిదే కానీ తొందరగా అయిపోతుంది. ఎక్కేటప్పుడు పక్కవాడితో ఒక వాక్యం పూర్తిగా మాట్లాడగలిగే స్పీడులోనే ఉండండి, ఊపిరి అందక మాట తెగుతోందంటే మీరు వేరేవాళ్ల స్పీడులో తొక్కుతున్నట్టే.

తిండి గంటకోసారి, ఆకలి వేయకముందే. పల్లీ చెక్కీ, అరటిపండు, ఖర్జూరం ఏదైనా. మన వైజాగ్ ఉక్కపోతలో కొత్తవలస చేరేసరికే చొక్కా ఉప్పు పట్టేస్తుంది, వట్టి నీళ్లు తాగితే చాలదు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్ లీటరు నీళ్లకి ఒకటి కలుపుకోండి, ప్యాకెట్ మీద ఉన్న కొలతే, చిక్కగా కలపొద్దు.

ఇంకా గ్రూప్‌లో ఒక మాట ముందే మాట్లాడుకోండి, అందరికంటే వెనక అనుభవం ఉన్న ఒకరు ఉండాలి, వాళ్ల వెనక ఎవరూ ఉండకూడదు. ముందెళ్లేవాళ్లు ఊర్ల దగ్గర, టర్నింగుల దగ్గర ఆగి అందరూ వచ్చాకే కదలాలి, వెనకవాళ్లు రాగానే వీళ్లు లేచిపోకూడదు, వచ్చినవాళ్లకి కూడా పది నిమిషాలు కావాలి కదా. ఈ ఒక్కటి ఒప్పుకోని గ్రూప్ అయితే మీరు రోడ్ బైక్ తీసుకెళ్లినా కష్టమే.

మధురవాడ_పెడల్:

అందరికీ చాలా చాలా థాంక్స్, ఇంత వివరంగా రాస్తారనుకోలేదు. 1.75 సెమీ స్లిక్ ఫిక్స్, బ్రేక్ ప్యాడ్లు కొత్తవి, సీటు ఇవాళే పైకి జరిపాను నిజంగానే తేడా ఉంది. వెనక ఉండే మనిషి సంగతి గ్రూప్‌లో పెట్టాను, మా సీనియర్ ఒకాయన తనే ఉంటానన్నారు. డేట్లు కూడా పండగ అయ్యాక, అరకు ఎక్కేది సోమవారం వచ్చేలా జరుపుతున్నాం. ఆఖరి డౌటు, స్పేర్లు ఏం పెట్టుకోవాలి? రోడ్ బైకుల వాళ్ల సామాను నాకు పనికొస్తుందా?

గేర్లబండి:

చాలావరకు పనికిరాదు బ్రదర్, అందుకే మీవి మీరే పెట్టుకోవాలి. వాళ్ల ట్యూబులు సన్నవి, వాల్వు కూడా చాలామందికి సన్న ప్రెస్టా ఉంటుంది, మీది మోటార్ బైకు ట్యూబులకి ఉండే లావు వాల్వు అయ్యుంటుంది, పంపు రెండిటికీ పనికొచ్చేది ఉందో లేదో చూసుకోండి. మీ సైజు ట్యూబులు రెండు, ప్యాచ్ కిట్, టైరు లివర్లు, అలెన్ కీలు, చైన్ కట్టర్, తెగిన చైన్‌ని కలపడానికి 7 స్పీడ్ చైన్‌కి సరిపోయే క్విక్ లింక్ (6, 7, 8 స్పీడ్‌లకి ఒకటే వస్తుంది), ఒక గేరు కేబులు, ఒక బ్రేకు కేబులు.

వీటన్నిటికంటే ముఖ్యం గేర్ హ్యాంగర్. వెనక గేర్ మెషిన్ ఫ్రేమ్‌కి తగులుకునే చోట చిన్న అల్యూమినియం ముక్క ఉంటుంది, బండి కుడివైపుకి పడితే ఫ్రేమ్ బదులు అది వంగేలా, విరిగేలా చేస్తారు. ఒక్కో ఫ్రేమ్‌కి ఒక్కో రకం, మీ బండిది పక్కవాడి బండికి పట్టదు, పాడేరులో అస్సలు దొరకదు. మీది స్క్రూతో బిగించి ఉందంటే మార్చుకునే రకమే, విప్పి షాపుకి పట్టుకెళ్లి పక్కన పెట్టి చూసి అచ్చం అలాంటిదే తీసుకోండి, లేదంటే ఆర్డర్ పెట్టమనండి, టైం పడుతుంది కాబట్టి ఈ వారమే చెప్పేయండి. బొలెరోలో సైకిలు ఎక్కించేటప్పుడు కూడా కుడివైపు పైకి ఉండేలా పడుకోబెట్టండి, ప్రయాణాల్లో ఎక్కువ హ్యాంగర్లు వంగేది అక్కడే.