తుఫానులో దోపిడీ: తక్కువ ఖర్చు సినిమా కదా అని వదిలేయాలా?

పలాస ప్రేక్షకుడు:
2018లో వచ్చిన ‘ది హరికేన్ హైస్ట్’ అనే హాలీవుడ్ సినిమా గురించి మన జిల్లాల వారి అభిప్రాయం తెలుసుకోవాలని ఈ చర్చ మొదలుపెడుతున్నాను. కథ చిన్నది. అమెరికాలోని అలబామా తీరంలో ఒక ఊరి మీదికి ఐదో కేటగిరీ హరికేన్, అంటే అన్నిటికన్నా తీవ్రమైన స్థాయి తుఫాను, వస్తోందని జనాన్నంతా ఖాళీ చేయిస్తారు. చింపివేయడానికి అక్కడి ఖజానా కేంద్రంలో ఉంచిన 60 కోట్ల డాలర్ల పాత నోట్లను ఎత్తుకుపోవడానికి దొంగలు అదే అదనుగా దిగుతారు. 1992 నాటి ఆండ్రూ తుఫానులో తండ్రిని పోగొట్టుకున్న ఇద్దరు అన్నదమ్ములు, ఖజానా అధికారిణి ఒకరు వారిని అడ్డుకుంటారు. ఖర్చు సుమారు మూడున్నర కోట్ల డాలర్లని అంటారు. హాలీవుడ్ విపత్తు చిత్రాల లెక్కలో అది చాలా తక్కువ. కాబట్టి లోపాలను చూసీ చూడనట్టు వదిలేయాలని కొందరు అంటున్నారు. తిత్లీ తుఫాను చూసిన మనం కూడా అలాగే వదిలేయాలా?

గరివిడి కుర్రాడు:
తప్పకుండా వదిలేయాలి. మన హీరో తంతే సుమోలు గాలిలోకి లేచినప్పుడు ఈలలు వేసిన మనం, ఎవరో బల్గేరియాలో సెట్టు వేసి, పెద్ద పెద్ద ఫ్యాన్లతో, నీటి గొట్టాలతో నిజంగానే నటులను తడిపి ముద్ద చేసి తీసిన సినిమాకు భౌతికశాస్త్రం పరీక్ష పెట్టడం న్యాయం కాదు. దీన్ని తీసిన రాబ్ కోహెన్ కార్ల పందేల సినిమాతో పేరు తెచ్చుకున్న దర్శకుడు. ఆయన దగ్గరికి వాతావరణ పాఠం కోసం వెళ్ళేవారెవరు?

వజ్రపుకొత్తూరు మాస్టారు:
బాబూ, పాఠం ఎవరూ అడగడం లేదు. నా ఫిర్యాదు వేరే ఉంది. ఈ సినిమా నిజాన్ని వదిలిపెట్టి ఖర్చు తగ్గించుకోలేదు, పైగా పెంచుకుంది. నిజం చూపించి ఉంటే డబ్బూ మిగిలేది, ఉత్కంఠా పెరిగేది.

చివరి ఘట్టాన్నే తీసుకుందాం. నోట్లు నింపుకున్న మూడు లారీలు తుఫాను కన్నులో, అంటే నడిమధ్య గాలి నెమ్మదించే చోట, దూసుకుపోతుంటాయి, వెనుక నుంచి కంటి గోడ, అంటే ఆ కన్ను చుట్టూ తిరిగే అతి తీవ్రమైన గాలివాన వలయం, నల్లని కొండలాగా తరుముకొస్తుంటుంది. చూడడానికి బాగానే ఉంటుంది, కాదనను. అయితే తుఫాను లోపల గాలి గంటకు 250 కిలోమీటర్లకు మించి తిరిగినా, తుఫాను మొత్తంగా కదిలే వేగం సాధారణంగా గంటకు పదిహేను, ఇరవై, మహా అయితే ముప్పై కిలోమీటర్లు ఉంటుంది. వెనుక గోడ వచ్చే వేగం కూడా అంతే. మన పల్లె వెలుగు బస్సు సైతం దానికి అందకుండా పోగలదు. అసలు ప్రమాదం ముందున్న గోడతో. కన్ను వెడల్పు నలభై కిలోమీటర్లనుకుని, వెనుక అంచున ఉన్న లారీని అరవై వేగంతో తోలితే, గంట తిరిగేసరికి అది తనంత తానే వెళ్ళి ముందు గోడలో పడుతుంది. బతకాలంటే తుఫానుతో పాటు నింపాదిగా నడవాలి. వెనుక చావు, ముందు చావు, మధ్యలో ఇరవై వేగంతో కదలాల్సిన లారీ, పైన ఎండ కాస్తున్న ఆకాశం! ఇంతకన్నా గట్టి దోపిడీ ఘట్టం ఉంటుందా? దీనికి గ్రాఫిక్స్ ఖర్చెంత అవుతుంది?

ఇంకొక మాట. కన్ను ఊరి మీదికి వచ్చిందంటే ఒక గోడ అప్పటికే ఆ ఊరిని దాటిపోయిందని అర్థం. అంటే రోడ్డు మీద చెట్లన్నీ అప్పటికే పడి ఉండాలి. 2018 అక్టోబరు 11న తెల్లవారుజామున తిత్లీ మా తీరాన్నే దాటింది. వాతావరణ శాఖ లెక్కలో గాలి వేగం గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు మాత్రమే, అంటే ఆ సినిమా గాలితో పోలిస్తే చాలా తక్కువ. అయినా తెల్లారి చూస్తే మా ఊరి నుంచి పలాస వెళ్ళే దారి కనిపించలేదు. కొబ్బరి చెట్లు వేళ్ళతో సహా లేచి అడ్డంగా పడ్డాయి, జీడిమామిడి కొమ్మలు, కరెంటు తీగలు వాటి మీద చిక్కుపడ్డాయి. చెట్లు కోసే మిషన్లు వచ్చి, ఒక్కొక్క మొద్దునూ ముక్కలు చేసి పక్కకు దొర్లిస్తే గానీ మోటారు సైకిలు కదలలేదు. ఆ లారీలు మాత్రం తళతళలాడే ఖాళీ రోడ్డు మీద పందెం వేసుకుంటాయి. దొంగలు దిగి చెట్టు కోయాలి, గడియారం చూసుకోవాలి, మళ్ళీ ఎక్కాలి, ఇంకో చెట్టు దగ్గర మళ్ళీ దిగాలి. ఈ ఊహ వారికి ఎందుకు రాలేదో నాకు అంతుపట్టదు.

భోగాపురం వాసి:
మాస్టారితో ఏకీభవిస్తూనే, సినిమా తరఫున ఒక్క మాట చెప్పాలి. హీరో కారు చక్రాల మూతలను గాలిలోకి విసిరితే అవి దొంగలకు తగిలే దృశ్యాన్ని చూసి అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. హుద్‌హుద్ తుఫాను వచ్చిన 2014 అక్టోబరు 12న మా వీధిలో ఒక రేకు గోడను గీసుకుంటూ పోయి వేపచెట్టు మొదట్లో దిగబడిపోయింది, దాన్ని తీయడానికి గునపం కావలసివచ్చింది. పెనుగాలిలో మనుషులను కొట్టేది గాలి మోసుకొచ్చే వస్తువే. ఇక గాజు కప్పు పగలగానే దొంగలు పైకి పీల్చుకుపోయే దృశ్యం మాత్రం శుద్ధ అబద్ధం. గాలి తలుపు గుండా లోపలికి చొరబడి కింద నుంచి తన్నితే, పైన పోయే గాలి లాగితే, రేకు లేస్తుంది. మనుషులు బుడగల్లా ఎగిరిపోరు.

విజయనగరం బ్యాంకు ఉద్యోగిని:
అందరూ తుఫాను గురించే మాట్లాడుతున్నారు, దోపిడీని పట్టించుకున్నవారు లేరు. అమెరికా నోటు బరువు ఏ విలువదైనా ఒక్క గ్రాము. 60 కోట్ల డాలర్లు అన్నీ నూరు డాలర్ల నోట్లయితే ఆరు టన్నులు, ఇరవై డాలర్ల నోట్లయితే ముప్పై టన్నులు. కాబట్టి మూడు లారీలు తేవడం సబబే, ఆ లెక్క వేసిన రచయితను మెచ్చుకుంటున్నాను. అయితే పాడైన నోట్లను చింపే పని అక్కడ ఖజానా శాఖది కాదు, ఫెడరల్ రిజర్వు బ్యాంకులది; మన దగ్గర రిజర్వు బ్యాంకు చేస్తున్నట్టే. అంతకన్నా పెద్ద లోపం, ఖజానా తెరిచే సంకేతం ఒక్క అధికారిణికే తెలిసి ఉండడం. మా దగ్గర నగదు గది తాళాలు ఇద్దరి చేతుల్లో ఉంటాయి, ఒకరు సెలవు పెడితే తాళం అప్పగించడానికే ఒక తంతు నడుస్తుంది. రెండో తాళం మనిషి ఖాళీ చేయించిన జనంలో కలిసి ఏ పునరావాస కేంద్రంలోనో కూర్చుని ఉంటే, దొంగలు అతని కోసం వెతకాల్సి వస్తే, కథకు ఎంత బలం వచ్చేదో ఆలోచించండి. ఇందుకు కూడా పైసా ఖర్చు లేదు.

గరివిడి కుర్రాడు:
మాస్టారి లెక్కను కాదనలేను. అయితే మీరిద్దరూ చెబుతున్నది మరో సినిమా. చెట్లు కోసుకుంటూ ఇరవై వేగంతో సాగే ఘట్టాన్ని నిలబెట్టాలంటే మొహంలో భయం పలికించగల నటులు కావాలి, చక్కని సంభాషణలు కావాలి. వీరి దగ్గర ఫ్యాన్లు ఉన్నాయి కాబట్టి ఫ్యాన్లు వాడుకున్నారు. శనివారం రాత్రి భోజనం చేస్తూ చూశాను, నాకు విసుగు పుట్టలేదు.

వజ్రపుకొత్తూరు మాస్టారు:
విసుగు పుట్టలేదని నేనూ ఒప్పుకుంటాను, చివరిదాకా చూశాను కూడా. నటుల గురించి మీరన్నది మాత్రం ఒప్పుకోలేను. దొంగల నాయకుడిగా వేసిన రాల్ఫ్ ఇనెసన్ గొంతు ఒక్కటి చాలు, ఆ మనిషి పడిపోయిన చెట్టు ముందు నిలబడి రంపం ఎక్కడని అడిగినా మనకు చెమటలు పడతాయి. అటువంటివాణ్ణి పెట్టుకుని అరుపులకు, తుపాకులకు పరిమితం చేశారు. దానికి బడ్జెట్‌ను ఎలా తప్పుపడతాం?

పలాస ప్రేక్షకుడు:
రెండో తాళం మనిషి సంగతి నాకు బాగా నచ్చింది. అతను పునరావాస కేంద్రంలో పులిహోర పొట్లం పట్టుకుని కూర్చుని ఉంటే దొంగలు ఏ వేషంలో లోపలికి వస్తారో, ఉద్యోగిని గారు వీలు చూసుకుని రాయాలి.