ఒకటి, రెండు తరగతులకు తెలుగు బొమ్మల పుస్తకాలు ఎలా ఎంచుకోవాలి?

ప్రశ్న (సత్యనారాయణపురం, విజయవాడ):
ఒకటి, రెండు తరగతులు కలిపి 34 మంది. గదిలో పెట్టడానికి 40 పుస్తకాల దాకా జనవరి పుస్తక మహోత్సవంలో కొనాలి. గుణింతాలు వచ్చాయి కానీ చాలామంది ఒత్తుల దగ్గర ఆగిపోతున్నారు. అట్ట మీద వేసిన వయసు చూసుకుంటే సరిపోతుందా?

జవాబు 1:
ఆ వయసు నమ్మకండి మేడమ్. అది కథ అర్థం కావడానికి వేసిన అంచనా, అక్షరాలకి కాదు. మధ్యలో ఓ పేజీ తెరిచి ఒత్తులు లెక్కపెట్టండి. "కుక్కపిల్ల చెట్టు క్రిందకు పరుగెత్తింది": మాటలు నాలుగే, ఒత్తులు ఐదు. "మేక ఆకు మేసింది"లో ఒక్కటీ లేదు.

క్క, ల్ల లాంటి ద్విత్వాలు ముందు పట్టుబడతాయి, క్ర, స్త తర్వాత. ద్విత్వాల్లోనూ తేడా ఉంది. గ, చ, ద లకు తలకట్టు తీసేస్తే అదే ఒత్తు. త, న, మ, య, ర, ల ఒత్తులకు అసలు అక్షరంతో పోలికే ఉండదు. అందుకే అమ్మ, అన్న, అత్త నోటికి ఎంత తేలికో కంటికి అంత కష్టం. ఒకే వాక్యం చిన్న మార్పుతో పేజీ పేజీకీ తిరిగొచ్చే కథలు తీసుకోండి. ఒకసారి గట్టెక్కిన ఒత్తు ఏడెనిమిదిసార్లు కనబడుతుంది.

జవాబు 2:
ఒత్తులే లెక్కపెట్టుకుంటూ పోతే చివరికి మేకలే మిగుల్తాయండీ! 40లో ఓ 15 మీరు చదివి వినిపించేవి ఉండాలి. వాటిలో ఎన్ని ఒత్తులున్నా ఫర్వాలేదు. వాటికి బొమ్మ చూడండి. "పిల్లి దాక్కుంది" అని రాసి, బియ్యం డబ్బా వెనక తోక కొస మాత్రం వేస్తే పిల్లలు ఆ పేజీ వదలరు. అనువాదాలైతే రెండు పేజీలు పైకి చదవండి. "అమ్మ చేత ఇవ్వబడిన టోపీ" అని తగిలిందా, అక్కడే పెట్టేయండి. "వాళ్ళమ్మ ఇచ్చిన టోపీ" అనే పుస్తకం పక్క స్టాల్లో దొరుకుతుంది.

జవాబు 3 (బ్రాడీపేట, గుంటూరు):
అచ్చు సంగతి ఎవరూ ఎత్తలేదు. పై వరుస ఒత్తు కింది వరుస గుడికి తగులుతుంటే వద్దు. ఇంగ్లీషు పుస్తకానికి కొలిచిన ఖాళీలో తెలుగు ఇరికిస్తే ఇలాగే అవుతుంది. ముదురు బొమ్మ మీద అక్షరాలేస్తే మ, య; ప, ష తేడా తెలీదు. పిన్ను కొట్టినవి బల్ల మీద చక్కగా పరుచుకుంటాయి. జిగురు వీపువి పిల్లలు అదిమి తెరిచేసరికి పేజీలు ఊడొస్తాయి.

ప్రశ్న అడిగినవారు:
కొనేముందు పిల్లలతో చదివించి చూసే దారి ఉందా?

జవాబు 1:
ఉంది. ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఉచితం, నాలుగు స్థాయిలుగా ఉంటాయి. మొదటి రెండు స్థాయిల నుంచి నాలుగు కథలు ప్రింటు తీసి, చురుగ్గా చదివేవాళ్ళతో కాకుండా మధ్యరకం వాళ్ళతో చదివించండి. పేజీలో ఐదు మాటల దగ్గర ఆగితే అది మీరు చదివి వినిపించే కట్టలోకి. ఎక్కడ ఆగారో ఆ ఒత్తులు చీటీ మీద రాసుకుని 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థ, నేషనల్ బుక్ ట్రస్ట్ స్టాళ్ళకి వెళ్ళండి.