లోటస్ 79 నల్ల బాడీ: పాలిష్ డెకాల్స్‌కి ముందా, తర్వాతా?

బ్లాక్‌గోల్డ్79:
టమియా కంపెనీ 1/20 స్కేల్ లోటస్ 79 ప్లాస్టిక్ మోడల్ కిట్ కడుతున్నాను, 1978లో మారియో ఆండ్రెట్టి ఫార్ములా వన్ చాంపియన్ అయిన కారు. బాడీకి ప్రైమర్, దాని మీద టీఎస్-14 బ్లాక్ స్ప్రే అయిపోయింది. రంగు బాగానే పట్టింది కానీ లైటు కింద పెడితే పైనంతా నారింజ తొక్కలా గరుకు కనిపిస్తోంది. డెకాల్స్ (నీళ్లలో నానబెట్టి అతికించే పల్చటి స్టిక్కర్లు) పెట్టకముందే దీన్ని రుద్దాలా, లేక డెకాల్స్ పెట్టి టీఎస్-13 క్లియర్ (రంగులేని మెరుపు స్ప్రే) కొట్టాక అంతా ఒకేసారి పాలిష్ చేస్తే సరిపోతుందా? ఆ క్లియర్ డెకాల్స్‌ని తినేస్తుందని అందరూ అంటుంటే టెన్షన్‌గా ఉంది, బంగారు గీతలేమో మరీ సన్నం.

స్లిక్‌టైర్:
గరుకు ఇప్పుడే తీసేయండి. పైన క్లియర్ కొడితే అది పోదు, ఇంకాస్త పెరుగుతుంది కూడా. రంగు వాసన పూర్తిగా పోయేదాకా ఆగి, 2000 నంబర్ వాటర్ పేపర్‌తో (సన్నటి సాండ్‌పేపర్) తడిపి మెల్లగా రుద్ది, 3000తో ఇంకోసారి, ఆపైన ఒక పల్చటి క్లియర్. డెకాల్ కింద నున్నగా లేకపోతే గాలి చిక్కుకుని అంచుల చుట్టూ ఉన్న ఖాళీ ఫిల్మ్ తెల్లగా మెరుస్తుంది, నలుపు మీద అది దాగదు. ఈ దశలో వ్యాక్స్ మాత్రం ముట్టుకోకండి, ఆ తర్వాత ఏదీ సరిగ్గా పట్టదు.

ఇక టీఎస్-13 సంగతి. అది లాకర్ రకం పూత, అందులోని సాల్వెంట్ ఘాటైనదే. డెకాల్ ముడతలు పడేది ఎక్కువగా మొదటి కోటే తడితడిగా కొట్టినప్పుడు. డెకాల్స్ కనీసం ఒకటి రెండు రోజులు ఆరనిచ్చి, డెకాల్‌ని మెత్తబరిచే సాఫ్ట్‌నర్ మరకలు తడిగుడ్డతో తుడిచి, మొదట రెండు మూడు కోట్లు పొగమంచులా చల్లండి. ప్రతిసారీ ఆరనివ్వండి. చూడటానికి దుమ్ము పట్టినట్టు అసహ్యంగా ఉంటుంది, కంగారుపడొద్దు. ఆ పొర గట్టిపడ్డాకే కాస్త తడి కోటు. బాగా తేమగా ఉన్న రోజైతే అసలు డబ్బా ముట్టుకోకండి, క్లియర్ పాలలా తెల్లబడుతుంది.

నట్టుబోల్టు:
పైన చెప్పినవన్నీ కరెక్టే కానీ ముందు ఒక ప్లాస్టిక్ స్పూన్‌కి ఇదే నలుపు కొట్టి, షీట్‌లో వాడకుండా మిగిలే డెకాల్ ఒకటి అతికించి, క్లియర్ దాని మీద ట్రై చేయి బ్రో. మా అందరి మాట కన్నా ఆ స్పూన్ మాట నమ్ము.

పిట్‌లేన్:
నేనైతే టీఎస్-13 జోలికే వెళ్లను. ఎయిర్‌బ్రష్ ఉంటే టూకే (రెండు భాగాలు కలిపి వాడే) యురేథేన్ క్లియర్ వాడండి, మెరుపు దానంతటదే వస్తుంది, పాలిష్ పెద్దగా అక్కర్లేదు. కానీ అందులో ఐసోసయనేట్లు ఉంటాయి, ఊపిరితిత్తులకి ప్రమాదం. సరైన రెస్పిరేటర్, గాలి బయటికి లాగే ఏర్పాటు లేకపోతే ఈ మాట మర్చిపోండి, గుడ్డ మాస్కు దీనికి పనికిరాదు. ఇంకోటి, ఏ క్లియర్ అయినా మందంగా పోయకండి. 1/20లో పదో వంతు మిల్లీమీటర్ అంటే అసలు కారు మీద 2 మిల్లీమీటర్ల మందం! ప్యానెల్ గీతలన్నీ పూడిపోయి సిరప్‌లో ముంచినట్టు కనిపిస్తుంది.

బ్లాక్‌గోల్డ్79:
థాంక్స్ అండి. రెస్పిరేటర్ లేదు కాబట్టి టూకే వద్దు, స్పూన్ టెస్ట్ చేసి టీఎస్-13తోనే వెళ్తా. సైడ్‌పాడ్ (కారు పక్క భాగం) అంచుల దగ్గర రుద్దితే ప్లాస్టిక్ బయటపడుతుందేమో, అక్కడ ఎలా?

స్లిక్‌టైర్:
అంచుల మీద రంగు ఎప్పుడూ పల్చగానే నిలుస్తుంది, అందుకే అక్కడ సన్నటి మాస్కింగ్ టేప్ వేసి చదును భాగమే రుద్దండి. టేప్ తీశాక అంచుని పాలిషింగ్ కాంపౌండ్‌ (రుద్దే పేస్టు)తో మాత్రమే, పేపర్ వద్దు. ఆఖరి పాలిష్ అయ్యాక గీతల్లో తెల్లగా ఇరుక్కున్న కాంపౌండ్‌ని తడి టూత్‌బ్రష్‌తో తీసేయొచ్చు, మెత్తటిది చూసి తీసుకోండి. సస్పెన్షన్, కాక్‌పిట్ లోపల మాత్రం ఈ మెరుపు వద్దు, సెమీగ్లాస్ చాలు.