సెంట్రల్ పార్కును ఒక్క రోజులో చూడడానికి నడక మేలా, సైకిలు మేలా?

ప్రశ్న:
వచ్చే శనివారం న్యూయార్క్‌లోని సెంట్రల్ పార్కుకు కుటుంబమంతా కలిసి వెళ్లాలనుకుంటున్నాము. మా అమ్మానాన్నలకు అరవై దాటాయి. నాన్నగారికి రోజూ పొద్దున్నే నడిచే అలవాటుంది గాని అమ్మకు మోకాళ్ల నొప్పులు. మా పాపకు పన్నెండేళ్లు, సైకిలు బాగా తొక్కుతుంది. పార్కంతా సైకిలు మీద చూడవచ్చునా, లేక నడవడమే మంచిదా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు:
నమస్కారమండీ. అందరూ కలిసి ఒకే తీరున చూడాలన్న ఆలోచనను ముందు పక్కన పెట్టండి. 59వ వీధి నుంచి 110వ వీధి వరకు సుమారు 4 కిలోమీటర్ల పొడవున, 843 ఎకరాల్లో పరుచుకున్న తోట అది. మీరూ పాపా సైకిళ్ల మీద చుట్టు తిరిగి రండి, పెద్దవాళ్లు దక్షిణ భాగంలో నిదానంగా నడుస్తారు, ఆ తర్వాత అందరూ ఒకచోట కలుసుకుని లోపలి భాగాలను కాలినడకన చూడవచ్చు.

ఇలా చెప్పడానికి కారణం పార్కు నిర్మాణంలోనే ఉంది. 1858లో ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్, కాల్వర్ట్ వాక్స్ దీనికి రూపకల్పన చేసినప్పుడు నడిచేవారి బాటలను, గుర్రపు బాటలను, బండ్ల దారులను వేరు చేసి, ఒకరికొకరు అడ్డు రాకుండా చాలాచోట్ల వంతెనలు ఏర్పరచారు. నగర వాహనాలు పార్కును అడ్డంగా దాటే నాలుగు రోడ్లను నేలమట్టానికి దిగువన వేయించారు. నాటి బండ్ల దారులే నేడు సైకిళ్లకు వదిలిన దారులు. అందువల్ల సైకిలు మీద వెళ్లేవారికి పార్కు ఎంత పెద్దదో తెలుస్తుంది గాని, దాని లోతట్టు అందం చాలావరకు కనబడకుండానే ఉండిపోతుంది.

చుట్టుదారి మొత్తం సుమారు 10 కిలోమీటర్లు. 2018 జూన్ నుంచి ఈ దారుల్లో కార్లకు ప్రవేశం లేదు. అయినా గుర్రపు బండ్లు, పార్కు సిబ్బంది వాహనాలు తిరుగుతుంటాయి కనుక జాగ్రత్త అవసరం. ప్రయాణం ఒకే దిశలో, గడియారపు ముల్లుకు ఎదురుగా సాగుతుంది, అంటే తూర్పు పక్క ఉత్తరానికి వెళ్లి పడమటి పక్క దక్షిణానికి తిరిగి వస్తారు. ఉత్తరపు కొసన హార్లెం హిల్ అనే ఎత్తు పాపకు కష్టమనిపిస్తే, 102వ వీధి దగ్గర అడ్డదారి పట్టి పడమటి వైపుకు చేరుకోవచ్చు. నడిచేవారి బాటల్లో సైకిలు తొక్కకూడదు. పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు హెల్మెట్ తప్పనిసరి. వీధుల్లోని స్టాండ్ల నుంచి అద్దెకు తీసుకునే ‘సిటీ బైక్’ సైకిళ్లను వాడుకోవడానికి పదహారేళ్లు నిండాలి కాబట్టి, పాపకు సైకిళ్లు అద్దెకిచ్చే దుకాణంలో తగిన ఎత్తుది తీసుకోండి.

అడిగినవారు:
చాలా వివరంగా చెప్పారు, ధన్యవాదాలండీ. అమ్మ ఎంతవరకు నడవగలదు? మేము ఎక్కడ కలుసుకుంటే బాగుంటుంది? లోపల దారి తప్పుతుందేమోనని కూడా భయంగా ఉంది.

జవాబు:
72వ వీధికి ఎదురుగా ఉన్న బెథెస్డా టెర్రస్ దగ్గర కలుసుకోండి. అక్కడికి దక్షిణం నుంచి వచ్చే ‘మాల్’ అనే బాట తిన్నగా, సమతలంగా ఉంటుంది. ఇరువైపులా పెద్ద ఎల్మ్ చెట్లు నీడనిస్తాయి కనుక అమ్మగారు ఆగి ఆగి నడవవచ్చు. టెర్రస్ నుంచి ఫౌంటెన్ దగ్గరకు మెట్లు దిగాలి, కానీ పైనుంచే ఫౌంటెనూ దాని వెనుక సరస్సూ చక్కగా కనిపిస్తాయి. మోకాళ్ల నొప్పులున్నవారిని మెట్ల మీద తొందరపెట్టవద్దని నా మనవి.

దారి విషయంలో భయం వద్దు. పార్కులోని దీపస్తంభాల మీద నాలుగంకెల సంఖ్య రాసి ఉంటుంది. మొదటి రెండంకెలు దగ్గరి వీధిని చెబుతాయి. చివరి అంకె సరిసంఖ్య అయితే మీరు తూర్పు పక్కన, బేసి అయితే పడమటి పక్కన ఉన్నట్టు. 100 దాటిన వీధులకు ముందున్న ఒకటిని వదిలేస్తారు, కాబట్టి 05తో మొదలైతే అది 105వ వీధి. సరస్సుకు ఉత్తరాన ఉన్న ‘రాంబుల్’ అనే అడవిలో బాటలను కావాలనే మెలికలు తిప్పారు. అక్కడ ఈ అంకెలు ఎంతో ఆదుకుంటాయి. అక్కడికి వెళ్లేముందు సైకిళ్లను తిరిగి ఇచ్చేయడం మేలు.

మరొక సభ్యులు:
నాన్నగారికి నడక అలవాటన్నారు కనుక ఒక మాట కలుపుతాను. 86వ వీధికి ఉత్తరాన ఉన్న రిజర్వాయరు చుట్టూ సుమారు 2.5 కిలోమీటర్ల మట్టిబాట ఉంది. సైకిళ్లు రావు, పాదాలకు మెత్తగా ఉంటుంది. అమ్మగారు టెర్రస్ దగ్గర విశ్రాంతి తీసుకునే సమయంలో ఆయన అక్కడికి వెళ్లి రావచ్చు. ఫిఫ్త్ అవెన్యూ మీద 90వ వీధి ద్వారం నుంచి అది అతి దగ్గర.