కూర్చుని కూర్చుని నడుము పట్టేసింది: మెడికోలు కదలడానికి ఏం చేస్తున్నారు?

సెకండియర్_హన్మకొండ
అందరికీ నమస్తే. ఎంబీబీఎస్ రెండో ఏడాది. చేరినప్పుడు 61 కిలోలు, ఇప్పుడు 72. అంతకు ముందు నీట్ లాంగ్ టర్మ్ కోచింగ్‌లో ఏడాదంతా కుర్చీలోనే గడిచింది. సీటు వచ్చాక అయినా లేస్తాననుకున్నాను, ఇక్కడ ఇంకా ఎక్కువైంది. పొద్దున క్లాసులు, సాయంత్రం రీడింగ్ రూం, రాత్రి మంచం మీద వీడియో లెక్చర్లు. మొన్న ఫార్మా ఇంటర్నల్స్ రాసి లేవబోతే నడుము పట్టేసింది, ఇద్దరు పట్టుకుని రూంకు తీసుకెళ్లారు. అప్పటి నుంచి భయంగా ఉంది. రోజూ గంట జిమ్ చేస్తే మిగతా పది గంటలు కూర్చున్నా ఫర్వాలేదా? మెస్‌లో ఏం మానాలి? ఫస్టియర్ పిల్లలకు ఈ గతి పట్టకుండా ఏం చేయొచ్చు? నేనైతే ఇప్పుడు బీరువా మీద పుస్తకం పెట్టుకుని నిలబడి చదువుతున్నాను.

ఇంటర్న్_రాత్రిడ్యూటీ
తమ్ముడూ, బీరువా మాట చూసి రాయకుండా ఉండలేకపోయాను. నిలబడటం మందు కాదు. సర్జరీ పోస్టింగ్‌లో రిట్రాక్టర్ (కోసిన చోటు తెరిచి ఉంచే పరికరం) పట్టుకుని కదలకుండా గంటల కొద్దీ నిలబడ్డాను. ఎడమ పిక్క మీద నరాలు ఉబ్బాయి. డ్యూటీ నుంచి వచ్చాక కాళ్ల కింద రెండు దిండ్లు పెట్టుకుంటే తప్ప నిద్ర పట్టదు. 24 ఏళ్లకే ఇది. దయచేసి మానెయ్.

బల్లమీద_పుస్తకం
అన్నా, మీరు ఆపరేషన్ టేబుల్ దగ్గర కదలకుండా నిలబడ్డారు. చదివేటప్పుడు ఎవరు అలా నిలబడతారు? ఒక కాలు మీద నుంచి ఇంకో కాలు మీదకు మారతాం, నాలుగు అడుగులు వేస్తాం, పేజీ తిప్పుతాం. నేను బల్ల మీద స్టూల్ వేసి, దాని మీద పుస్తకం పెట్టి ఏడాదిగా చదువుతున్నాను. మెడ నొప్పి పోయింది, మధ్యాహ్నం నిద్ర పోయింది. పాథాలజీ అంతా అలాగే పూర్తి చేశాను. మీ కాలికి అయింది కదా అని ఆ అబ్బాయిని భయపెట్టకండి.

పీఎస్‌ఎం_పీజీ
నేను పీజీ చేస్తున్నది పీఎస్‌ఎం, అంటే నివారణ, సామాజిక వైద్యంలోనే కాబట్టి స్పష్టంగా చెబుతాను. కూర్చోవడానికీ నిలబడటానికీ శక్తి ఖర్చులో తేడా గంటకు సుమారు 9 కిలోకేలరీలు. ఆరు గంటలు నిలబడినా 54. ఒక చపాతీ కూడా కాదు. కావాల్సింది నడక, మెట్లు. లండన్ బస్సు సిబ్బంది మీద బ్రిటిష్ పరిశోధకుడు మోరిస్ 1953లో ఇచ్చిన పేపర్ అందరం చదివాం: రోజంతా కూర్చునే డ్రైవర్ల కన్నా డబుల్ డెక్కర్ మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండె జబ్బు తక్కువ. కండక్టరు ఊరికే నిలబడలేదు, ఎక్కాడు, దిగాడు.

బల్లమీద_పుస్తకం
సార్, ఆ పాఠం మేమూ చదివాం, మీరు సగమే చెప్పారు. అదే మోరిస్ బృందం 1956లో యూనిఫాం కొలతలు చూసింది. డ్రైవర్ల నడుము చుట్టుకొలత మొదటి నుంచే ఎక్కువ. అంటే తేడా అంతా మెట్ల వల్లే అని తేల్చేయడానికి లేదు. ఇంకో మాట, నేను కేలరీల కోసం నిలబడటం లేదు. మెడ కోసం, మధ్యాహ్నం నిద్ర ముంచుకు రాకుండా ఉండటం కోసం. నేను అడగని ప్రశ్నకు నాకు జవాబు చెబుతున్నారు.

పీఎస్‌ఎం_పీజీ
యూనిఫాం సంగతి నాకు తెలియదనుకున్నారా? ఆ తర్వాత దశాబ్దాల పాటు ఎన్ని దేశాల్లో చూసినా కదిలేవాళ్లకే మేలు జరిగింది. ఒక్క పేపర్‌లో లోపం పట్టుకుని మొత్తం కొట్టేస్తే ఎలా?

ఫిజియో_కరీంనగర్
ఇద్దరూ ఆగండి. పదిహేనేళ్లుగా నడుములు, మెడలు చూస్తున్నాను. ఈ మధ్య నా దగ్గరికి వచ్చే కుర్రవాళ్లలో నీట్ పిల్లలు, మెడికోలు చాలామంది. కూర్చోవడం తప్పు కాదు, నిలబడటం తప్పు కాదు, ఒకే భంగిమలో ఉండిపోవడం తప్పు. నా దగ్గరికి వచ్చేవాళ్లకు చెప్పేది ఒకటే: అరగంటకు ఒకసారి లేవండి, రెండు నిమిషాలు కారిడార్‌లో తిరగండి, పది సార్లు మడమలు పైకెత్తి దించండి. పిక్క కండరం పిండితేనే కాళ్లలో రక్తం పైకి వెళ్తుంది. ఇంటర్న్ బాబు కూడా ఆపరేషన్ థియేటర్‌లో నిలబడ్డప్పుడు ఇదే చేయాలి, డ్యూటీలో కాళ్లను బిగించి పట్టే స్టాకింగ్స్ వేసుకోవాలి. ఒకసారి వాస్కులర్ (రక్తనాళాల) డాక్టర్లకు చూపించుకో నాయనా, వాయిదా వేయకు.

ఇంటర్న్_రాత్రిడ్యూటీ
థాంక్యూ సార్. మడమలెత్తే సంగతి ఇన్నాళ్లూ ఒక్కరూ చెప్పలేదు.

84_బ్యాచ్
నేను వరంగల్ కాకతీయ మెడికల్ కాలేజీ (కేఎంసీ)లో చదివాను. కాజీపేట నుంచి వరంగల్‌కు రోజూ సైకిల్ మీద వచ్చేవాణ్ణి. కాలేజీ, ఎంజీఎం ఆసుపత్రి వార్డులు, మళ్లీ ఇల్లు. వ్యాయామం అనే మాటే మాకు అవసరం పడలేదు. ఇప్పుడు హాస్టల్ నుంచి క్లాసుకు కూడా బండి మీద వెళ్తున్నారు. అదొక్కటి మానండి చాలు.

లేడీస్_హాస్టల్_థర్డియర్
సార్, పెద్దవారు, మీ మాట కాదనను. కానీ మీకు సాయంత్రం ఏడింటికి గేటు మూసేవాళ్లు కాదు కదా. మాకు మూస్తారు. క్లాసులు, పోస్టింగ్ అయ్యేసరికి ఐదు. గ్రౌండ్‌లో అబ్బాయిలు క్రికెట్ ఆడుతుంటారు, మాకు అంచు కూడా దొరకదు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఆరింటికి కూడా వేడి సెగ కొడుతుంది. పొద్దున ఐదున్నరకు వెళ్దామంటే గేటు తాళం తీయరు. మేమెక్కడ నడవాలి?

సెకండియర్_హన్మకొండ
అక్కా, గ్రౌండ్ విషయం నిజమే, ఎప్పుడూ ఆలోచించలేదు. జిమ్ ప్రశ్నకు ఎవరైనా చెప్పగలరా?

పీఎస్‌ఎం_పీజీ
చెబుతాను. 2016లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో పది లక్షల మందికి పైగా వివరాలు కలిపి చూశారు. రోజుకు 60 నుంచి 75 నిమిషాలు చురుకైన నడక లాంటిది చేసేవాళ్లలో, ఎనిమిది గంటలకు పైగా కూర్చున్నా, కూర్చోవడం వల్ల త్వరగా చనిపోయే అదనపు ప్రమాదం కనబడలేదు. కాబట్టి గంట జిమ్ వృథా కాదు. కానీ వారానికి ఏడు రోజులూ గంట దొరికే మెడికో ఎవరు? డబ్ల్యూహెచ్‌ఓ 2020లో చెప్పింది వారానికి 150 నుంచి 300 నిమిషాలు. మునుపు ఒక్కో విడత పది నిమిషాలన్నా ఉండాలనేవారు, ఇప్పుడు ఆ షరతు తీసేశారు. మూడో అంతస్తు మెట్లెక్కినా లెక్కే. లిఫ్ట్ వదలండి.

మెడికో_అమ్మ_నర్సంపేట
అందరూ డాక్టర్లే మాట్లాడుతున్నారు, నేను తల్లిని. మా అమ్మాయి పదో తరగతిలో జిల్లా స్థాయి ఖోఖో ఆడింది. ఇంటర్‌లో రెసిడెన్షియల్ కాలేజీలో వేశాం. అక్కడ గ్రౌండ్ లేదు, ఆటల పీరియడ్ లేదు. పొద్దున ఐదు నుంచి రాత్రి పది దాకా బెంచీ. మేమే సంతకం పెట్టి వేశాం, అందుకే ఎవరినీ అనలేను. ఇప్పుడు ఎంబీబీఎస్‌లో ఉంది, రెండంతస్తులు ఎక్కితే ఆయాసం. వైద్య విద్యలో కొత్త కరిక్యులంలో ఆటలకు గంటలు రాశారని విన్నాను, నిజమేనా?

బల్లమీద_పుస్తకం
నిజమే అమ్మా. 2019 నుంచి అమల్లో ఉన్న కరిక్యులంలో ఆటలకు గంటలు రాసే ఉన్నాయి. మా కాలేజీలో ఆ గంటల్లో మిగిలిపోయిన సిలబస్ చెబుతారు. అడిగితే అటెండెన్స్ గురించి మాట్లాడతారు.

84_బ్యాచ్
అడగడానికి భయమెందుకు? మేం సమ్మెలు చేసి సాధించుకున్నాం.

బల్లమీద_పుస్తకం
సార్, ఇంటర్నల్ మార్కులు వాళ్ల చేతిలో ఉంటాయి. మీరు రిటైర్ అయ్యే వయసులో చెప్పడం తేలిక. నాకు ఇంకా రెండేళ్లు ఉన్నాయి.

లేడీస్_హాస్టల్_థర్డియర్
గొడవ ఆపి ఇది వినండి. బతుకమ్మ తొమ్మిది రోజులు మా హాస్టల్ ముందు రోజూ గంటసేపు ఆడాం. వంగి, లేచి, చప్పట్లు కొడుతూ గుండ్రంగా తిరగడం. ఎంగిలిపూల నాడు పిక్కలు పట్టేసి మెట్లు దిగలేకపోయాం. సద్దుల నాటికి ఒక్కరికీ నొప్పి లేదు, రాత్రి పదింటికే నిద్ర. ట్రెడ్‌మిల్ వద్దు, ఫీజు వద్దు, గేటు దాటక్కర్లేదు. పండగ అయిన మర్నాటి నుంచి అందరం మళ్లీ మంచాల మీదే. పాటలు పెట్టుకుని రోజూ అరగంట ఎందుకు తిరగకూడదని అప్పటి నుంచి అనుకుంటున్నాను, మొదలుపెట్టలేదు.

మెడికో_అమ్మ_నర్సంపేట
మొదలుపెట్టు బిడ్డా. మా అమ్మాయికీ ఇప్పుడే ఫోన్ చేసి చెబుతాను.

ఫిజియో_కరీంనగర్
వంగేటప్పుడు నడుము దగ్గర కాకుండా తుంటి దగ్గర వంగండి. నొప్పి ఉన్నవాళ్లు మొదటి వారం నడకే.

సెకండియర్_హన్మకొండ
మేం నలుగురం రేపటి నుంచి ఐదున్నరకు భద్రకాళి చెరువు బండ్ మీద నడుస్తున్నాం. ఇద్దరు ఫస్టియర్ పిల్లలు కూడా వస్తామన్నారు. బీరువా మీద చదవడం మాత్రం మానను, అరగంటకోసారి తిరుగుతాను. మెస్ గురించి ఎవరూ చెప్పలేదు.

ఇంటర్న్_రాత్రిడ్యూటీ
రాత్రి రెండోసారి అన్నం పెట్టించుకోకు. నాకు అది మానేశాకే నాలుగు కిలోలు తగ్గాయి.

లేడీస్_హాస్టల్_థర్డియర్
పొద్దున ఐదున్నరకు గేటు తీయమని ఉత్తరం రాశాం. 41 సంతకాలు అయ్యాయి. వార్డెన్ మేడం సోమవారం రమ్మన్నారు. ఈ లోపు ఈ రాత్రి ఎనిమిదింటికి హాస్టల్ ముందు ఆట, పదకొండు మందిమి వస్తామన్నాం.