వాక్యంలో దేవుని నడిపింపు ఎలా తెలుసుకోవాలి?

ప్రభువు నామంలో అందరికీ వందనాలు. మాది ఉప్పల్. ఆఫీసు వాళ్లు నన్ను పుణెకి మారమంటున్నారు, నెలాఖరులోగా చెప్పాలి. ఇంట్లో అమ్మ ఒక్కతే, మోకాళ్ల నొప్పులు.

రోజూ ఐదింటికే లేచి ప్రార్థన చేసుకుని, అమ్మ పాత బైబిలు తెరిచిన చోట చదువుతున్నాను. మొన్న ఆదికాండము 12 వచ్చింది, దేవుడు అబ్రాహామును సొంత దేశం విడిచి వెళ్లమన్న మాట. ఇక వెళ్లాల్సిందే అనుకున్నాను. నిన్న యిర్మీయా 29. బబులోనుకు చెరగా పోయినవాళ్లను అక్కడే ఇళ్లు కట్టుకుని ఉండమంటున్నాడు. ఆ వచనం కింద అమ్మ ఎప్పుడో ఎర్ర పెన్సిల్‌తో గీసిన గీత ఉంది. దాన్నే చూస్తూ చాలాసేపు కూర్చుండిపోయాను.

అవి ఆనాటి వాళ్లతో అన్న మాటలని తెలుసు. నాకు నచ్చిన జవాబు కోసమే వచనాలు ఏరుకుంటున్నానేమోనని భయంగా ఉంది. బాలుడైన సమూయేలు కూడా దేవుడు పిలిస్తే యాజకుడైన ఏలీ పిలిచాడనుకుని మూడుసార్లు పరుగెత్తాడు కదా. పాస్టరుగారు ప్రార్థన చేయమన్నారు, చేస్తూనే ఉన్నాను.

ఇలాంటి నిర్ణయం తీసుకున్న అన్నలు, అక్కలు దయచేసి చెప్పండి. ఒకే పుస్తకాన్ని వరుసగా చదివారా? ఉపవాసం ఉన్నారా? అది దేవుని మాటే, నా మనసు మాట కాదని మీకు ఎలా తెలిసింది?