హెచ్‌ఎస్‌ఏ ఖాతాలో పేరుకున్న డబ్బును ఎందులో మదుపు చేయాలి?

ప్రశ్న: కృష్ణాతీరం (ఎడిసన్, న్యూజెర్సీ)

అందరికీ నమస్కారం. నేను పనిచేసే సంస్థ ద్వారా నాకు, నా భర్తకు, ఆరేళ్ల మా అమ్మాయికి అధిక డిడక్టబుల్ (బీమా చెల్లించడం మొదలుపెట్టే ముందు మనమే భరించాల్సిన మొత్తం) ఉన్న ఆరోగ్య బీమా ఉంది. మా కుటుంబ డిడక్టబుల్ 4,000 డాలర్లు. బీమాతో పాటు, వైద్య ఖర్చుల కోసం పన్ను రాయితీతో డబ్బు దాచుకునేందుకు తెరిచిన హెచ్‌ఎస్‌ఏ (హెల్త్ సేవింగ్స్ అకౌంట్) ఖాతాలో ఇప్పటికి 14,000 డాలర్లు చేరాయి. అదంతా నగదుగానే ఉంది, దాని మీద వచ్చే వడ్డీ నామమాత్రం.

కనీసం 1,000 డాలర్లు నగదుగా ఉంచి మిగిలినది మదుపు చేసుకోవచ్చని ఖాతా నిర్వహించే సంస్థ చెబుతోంది. అందుకు నెలకు 3 డాలర్ల రుసుము ఉంది. వారి జాబితాలో టార్గెట్ డేట్ ఫండ్లు (అనుకున్న ఏడాది దగ్గరపడేకొద్దీ షేర్ల వాటాను తగ్గించేవి), ఎస్ అండ్ పీ 500 ఇండెక్స్ ఫండ్ (అమెరికాలోని సుమారు 500 పెద్ద కంపెనీల షేర్ల సూచీని అనుసరించేది), బాండ్ ఫండ్లు, మేనేజర్లు నడిపే కొన్ని యాక్టివ్ ఫండ్లు ఉన్నాయి. ఒక్కొక్కదాని ఎక్స్‌పెన్స్ రేషియో (ఫండ్ ఏటా తీసుకునే ఖర్చుల శాతం) ఒక్కో రకంగా ఉంది. నగదు ఎంత ఉంచుకోవాలి, ఏ ఫండ్ ఎంచుకోవాలి, ఖాతాను వేరే సంస్థకు మార్చుకోవడం మంచిదా అన్నవి నా సందేహాలు. ఏడెనిమిదేళ్లలో హైదరాబాద్ తిరిగి వెళ్లే ఆలోచన ఉంది. అప్పుడు ఈ డబ్బు ఏమవుతుందో, విజయవాడలో ఉన్న మా అమ్మానాన్నల వైద్యానికి వాడవచ్చో కూడా తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం: ఓరుగల్లు (డాలస్, టెక్సాస్)

ఫండ్ ఎంపికకు ముందే మీరు తేల్చుకోవలసిన విషయం ఒకటి ఉంది. ఇకపై వచ్చే వైద్య ఖర్చులను ఈ ఖాతా నుంచి చెల్లిస్తారా, లేక మీ బ్యాంకు ఖాతా నుంచి చెల్లించి ఈ డబ్బును దీర్ఘకాలం పెరగనిస్తారా? నగదు ఎంత ఉంచాలి, షేర్లలో ఎంత పెట్టాలి అన్న రెండు ప్రశ్నలకూ జవాబు దీని మీదే ఆధారపడి ఉంటుంది.

నేను రెండో దారిని ఎంచుకున్నాను, కారణం చెబుతాను. ఈ ఖాతాలో వేసే డబ్బుకు ఫెడరల్ ఆదాయపు పన్ను ఉండదు, పెరుగుదల మీద ఉండదు, అర్హత గల వైద్య ఖర్చుకు తీసుకున్నప్పుడూ ఉండదు. జీతం నుంచే నేరుగా జమ అయితే సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నుల కింద పోయే 7.65 శాతం కూడా మిగులుతుంది. ఉద్యోగుల పదవీ విరమణ పొదుపు కోసం ఉన్న 401కె పథకంలో కూడా ఈ చివరి సౌకర్యం లేదు. పైగా, ఖాతా తెరిచిన తరువాత జరిగిన వైద్య ఖర్చును ఎన్నేళ్ల తరువాతైనా దీని నుంచి రాబట్టుకోవచ్చు, దానికి గడువు లేదు. అంటే ఈ రోజు పంటి చికిత్సకు 600 డాలర్లు మీ జేబు నుంచి చెల్లించి రసీదు దాచుకుంటే, పదిహేనేళ్ల తరువాత ఆ 600 డాలర్లను పన్ను లేకుండా తీసుకోవచ్చు. ఈ లోపు ఆ డబ్బు మదుపులో ఉంటుంది. అదే ఖర్చుకు బీమా నుంచి గానీ మరో చోటు నుంచి గానీ తిరిగి పొంది ఉండకూడదు, పన్ను లెక్కల్లో మినహాయింపుగా చూపి ఉండకూడదు. రసీదులను స్కాన్ చేసి రెండు చోట్ల భద్రపరచండి.

ఇలా చేయగలిగినవారికి ఇది పదవీ విరమణ ఖాతాతో సమానం. కనుక విస్తృతమైన ఇండెక్స్ ఫండ్ ఒక్కటి సరిపోతుందని నా అభిప్రాయం. ఎక్స్‌పెన్స్ రేషియోను మాత్రం తప్పక చూడండి. 14,000 డాలర్ల మీద 0.75 శాతం అంటే ఏడాదికి 105 డాలర్లు, 0.04 శాతం అంటే ఆరు డాలర్ల లోపే. ఖాతా పెరిగేకొద్దీ ఈ తేడా కూడా పెరుగుతూ పోతుంది.

సమాధానం: సింహాచలం (ఫ్రీమాంట్, కాలిఫోర్నియా)

ఓరుగల్లు గారు చెప్పిన పన్ను లెక్క టెక్సాస్‌కు పూర్తిగా సరిపోతుంది, ఎందుకంటే అక్కడ రాష్ట్ర ఆదాయపు పన్నే లేదు. న్యూజెర్సీ, కాలిఫోర్నియా రాష్ట్రాలు హెచ్‌ఎస్‌ఏను ప్రత్యేక ఖాతాగా గుర్తించవు. మీరు వేసే డబ్బు మీద రాష్ట్ర పన్ను పడుతుంది, ఖాతాలో వచ్చే వడ్డీని, డివిడెండ్లను, అమ్మినప్పుడు వచ్చే లాభాన్ని కూడా ఏటా రాష్ట్ర రిటర్నులో చూపాలి. ఫెడరల్ ప్రయోజనం దీనికన్నా చాలా పెద్దది కనుక ఖాతా వద్దని నేను అనను. ఫండ్ ఎంపికలో మాత్రం మన రెండు రాష్ట్రాల వారు మరో కోణం నుంచి కూడా చూడాలి.

ఏటా లాభాలను పంచిపెట్టే యాక్టివ్ ఫండ్లు, వడ్డీనే ప్రధాన ఆదాయంగా ఇచ్చే కార్పొరేట్ బాండ్ ఫండ్లు ఈ ఖాతాలో ఉంటే ప్రతి సంవత్సరం రాష్ట్రానికి కొంత కట్టవలసి వస్తుంది. విస్తృత ఇండెక్స్ ఫండ్‌ను కొని అమ్మకుండా ఉంచుకుంటే ఏటా లెక్కకు వచ్చేది దాదాపు డివిడెండ్ మాత్రమే. భద్రంగా ఉండాల్సిన భాగానికి అమెరికా ట్రెజరీ బిల్లులు (ఫెడరల్ ప్రభుత్వ స్వల్పకాలిక రుణపత్రాలు) అనుకూలం, ఎందుకంటే వాటి వడ్డీపై రాష్ట్రాలు పన్ను వేయవు. అదే ట్రెజరీలను ఫండ్ రూపంలో కొంటే ఒక్కో రాష్ట్రం ఒక్కో షరతు పెడుతుంది కనుక ముందుగా చూసుకోవాలి. ఏ ఫండ్ ఎప్పుడు ఎంతకు కొన్నారో కూడా మీరే రాసిపెట్టుకోండి. రాష్ట్ర రిటర్ను సమయంలో ఆ లెక్క కావాలి, దానిని ఖాతా సంస్థ సిద్ధం చేసి ఇస్తుందని అనుకోవద్దు.

మరొక విషయంలో ఓరుగల్లు గారితో నేను విభేదిస్తున్నాను. డబ్బంతా షేర్లలో పెట్టడం, విడిగా అత్యవసర నిధి ఉన్నవారికే తగిన పద్ధతి. 2022లో ఎస్ అండ్ పీ 500 సూచీ 19 శాతానికి పైగా పడిపోయింది. బాండ్లు కాపాడతాయని నమ్మినవారికి ఆ ఏడాది అమెరికా బాండ్ సూచీ కూడా సుమారు 13 శాతం నష్టాన్ని మిగిల్చింది. అటువంటి సంవత్సరంలోనే ఆసుపత్రి బిల్లు వస్తే నష్టానికి అమ్ముకోవాలి, హెచ్‌ఎస్‌ఏలో వచ్చిన నష్టాన్ని ఫెడరల్ రిటర్నులో చూపుకోవడానికి కూడా వీలుండదు. చిన్న పిల్ల ఉన్న ఇల్లు కనుక, బ్యాంకులో వేరే నిధి లేకపోతే మీ డిడక్టబుల్‌కు సమానమైన 4,000 డాలర్లను నగదుగా గానీ ట్రెజరీ బిల్లులుగా గానీ ఉంచి, మిగిలిన 10,000 మాత్రమే ఇండెక్స్ ఫండ్‌లో పెట్టడం మంచిది. అత్యవసర నిధి విడిగా ఉంటే సంస్థ అడిగిన 1,000 డాలర్లు ఉంచితే చాలు.

సమాధానం: ఓరుగల్లు (డాలస్, టెక్సాస్)

సింహాచలం గారి మాట సరైనదే, అత్యవసర నిధి విడిగా ఉందన్న ఊహతోనే నేను రాశాను.

ఖాతా నిర్వహించే సంస్థను మార్చడం గురించి కూడా చెబుతాను. నెలకు 3 డాలర్లంటే ఏడాదికి 36, అది 14,000 మీద పావు శాతం. మొత్తం పెరిగేకొద్దీ దాని భారం తగ్గుతుంది కానీ, ఫిడెలిటీ వంటి చోట ఖాతా రుసుమూ కనీస నగదు నిబంధనా లేకుండానే హెచ్‌ఎస్‌ఏ తెరవవచ్చు. ఉద్యోగంలో ఉన్నంత కాలం జీతం నుంచి జమ మీరు పనిచేసే సంస్థ ద్వారా తెరిచిన ఖాతాలోకే వెళ్లనివ్వండి, లేకపోతే ఆ 7.65 శాతం ఆదా పోతుంది. అక్కడ పోగైన దానిని ఏడాదికి ఒకటి రెండుసార్లు, రెండు సంస్థల మధ్య నేరుగా జరిగే బదిలీ ద్వారా తరలించండి. ఇటువంటి బదిలీలకు పరిమితి లేదు. చెక్కు మీ చేతికి వచ్చే పద్ధతి వేరు, అది పన్నెండు నెలల్లో ఒక్కసారే, 60 రోజుల లోపే తిరిగి జమ చేయాలి. దాని జోలికి పోకండి. మీ డబ్బు ఇంకా నగదుగానే ఉంది కనుక ఇప్పుడే మార్చుకోవడం సులువు. ఫండ్లు కొన్న తరువాత మారాలంటే సాధారణంగా అమ్మవలసి వస్తుంది, న్యూజెర్సీలో ఆ లాభానికి రాష్ట్ర పన్ను కట్టాలి.

2026లో కుటుంబ బీమా ఉన్నవారికి గరిష్ఠ జమ 8,750 డాలర్లు. మీరు పనిచేసే సంస్థ వేసే వాటా కూడా అందులోకే వస్తుంది.

సమాధానం: నల్లమల (హైదరాబాద్, కొన్నేళ్లు అట్లాంటాలో ఉద్యోగం)

తిరిగి వచ్చే విషయం గురించి నాకు తెలిసినది రాస్తున్నాను. అమెరికాలోని ఆ రకం బీమా ఆగిపోగానే కొత్తగా జమ చేసే అర్హత పోతుంది, ఖాతా మాత్రం మీదే. హైదరాబాద్ ఆసుపత్రిలో మీకు, మీ భర్తకు, మీపై ఆధారపడిన అమ్మాయికి (తనకు అమెరికా పౌరసత్వం ఉంటే) అయిన వైద్య ఖర్చు కూడా అమెరికా పన్ను దృష్టిలో అర్హమైనదే. ఇక్కడ డాక్టరు రాసిన మందును ఇక్కడే కొని వాడితే, అది రెండు దేశాల్లోనూ చట్టబద్ధమైనదైతే చెల్లుతుంది. ఇక్కడి నుంచి అమెరికాకు తెప్పించుకున్న మందు సాధారణంగా చెల్లదు. వైద్యం కాని అవసరానికి 65 ఏళ్ల లోపు తీస్తే ఆదాయపు పన్నుతో పాటు 20 శాతం జరిమానా ఉంటుంది, 65 తరువాత పన్ను మాత్రమే.

అమ్మానాన్నల గురించి చెప్పడం నాకు కష్టంగానే ఉంది, ఎందుకంటే మనలో చాలామంది డబ్బు పంపేదే వారి వైద్యం కోసం. మీరు వారిని పూర్తిగా పోషిస్తున్నా సరే, అమెరికా పౌరసత్వం గానీ అక్కడి నివాసం గానీ లేకుండా విజయవాడలో ఉన్న తల్లిదండ్రులను పన్ను చట్టం ఆధారితులుగా పరిగణించదు. వారి కోసం ఈ ఖాతా నుంచి తీస్తే వైద్యేతర ఖర్చు కిందికే వస్తుంది. వారికి విడిగా ఒక నిధి పెట్టుకోండి.

ఏడెనిమిదేళ్లలో వచ్చేస్తారు కనుక మదుపు కూడా ఆ గడువును చూసి చేయాలి. భారతదేశంలో మీరు పూర్తి స్థాయి నివాసిగా మారిన తరువాత ప్రపంచంలో ఎక్కడ వచ్చిన ఆదాయమైనా ఇక్కడి పన్ను పరిధిలోకి వస్తుంది, విదేశీ ఆస్తుల పట్టికలో ఈ ఖాతాను చూపాలి. అమెరికా ఇచ్చిన మినహాయింపు ఇక్కడ దానంతట అదే వర్తించదు. అందువల్ల దాచిన రసీదులకు సరిపడా డబ్బును ఇక్కడ పూర్తి నివాసిగా మారకముందే తీసుకోవడం గురించి, రెండు దేశాల పన్నులూ తెలిసిన అకౌంటెంటుతో ముందుగా మాట్లాడండి. విదేశీ చిరునామాకు మారితే కొత్తగా ఫండ్లు కొనడానికి అనుమతిస్తారో లేదో మీరు ఎంచుకునే సంస్థను ఇప్పుడే అడగండి.

కృష్ణాతీరం (ఎడిసన్, న్యూజెర్సీ)

అందరికీ కృతజ్ఞతలు. మాకు విడిగా ఆరు నెలల ఖర్చులకు నిధి ఉంది కనుక, 1,000 డాలర్లను సంస్థ ఖాతాలోనే ఉంచి మిగిలిన 13,000ను రుసుము లేని చోటుకు నేరుగా బదిలీ చేసి, మొత్తం మార్కెట్‌ను అనుసరించే ఒకే ఇండెక్స్ ఫండ్‌లో పెట్టాలని నిర్ణయించుకున్నాం. తిరుగు ప్రయాణానికి రెండు మూడేళ్ల ముందు నుంచి కొత్త జమలను ట్రెజరీ బిల్లుల వైపు మళ్లిస్తాం.

సమాధానం: సింహాచలం (ఫ్రీమాంట్, కాలిఫోర్నియా)

మంచి నిర్ణయం. కొత్త ఖాతా తెరిచేటప్పుడే నామినీగా మీ భర్త పేరు రాయండి. జీవిత భాగస్వామికి ఇది హెచ్‌ఎస్‌ఏగానే కొనసాగుతుంది. మరెవరి పేరు రాసినా ఖాతాదారు మరణించిన ఏడాదిలోనే ఆ మొత్తం వారి ఆదాయంగా లెక్కకు వస్తుంది.